రైలు రాని ఊళ్ళో రైలు

ఋతువు మారిందని పంచాంగం చెప్తే కుశలానంద్ సేమ్వాల్ నమ్మడు. ఆకాశం చెప్పినా నమ్మడు. ఆయన ముక్కు, ఆయన ఎడమ మోకాలు, ఈ రెండూ కూడబలుక్కుని చెప్పాలి. అవి చెప్పాయంటే మాత్రం దేవలఖాల్ ఊరంతా ఆ క్షణం నుంచి ఆసనాలు మార్చుకోవాలి, తిండి మార్చుకోవాలి, ఊపిరి పీల్చే పద్ధతి కూడా మార్చుకోవాలి.

ఒక వసంత పంచమి నాడు ఊళ్ళో ఆడా మగా పసుపు బట్టలు కట్టుకుని తిరుగుతుంటే, టీకొట్టు బిమ్లా పళ్ళెంలో తియ్యటి పసుపు అన్నం పెట్టి ఆయనకి అందించింది.

“తిను భైజీ, వసంతం వచ్చింది.”

“రాలేదు చెల్లీ. ఇంకా పదకొండు రోజులుంది. మోకాలు ఒప్పుకోవడం లేదు.”

“నీ మోకాలిని ఎవరు తినమన్నారు? నిన్ను తినమన్నాను.”

ఆయన తినలేదు. పన్నెండో రోజు పొద్దున్నే వచ్చి, “ఇప్పుడొచ్చింది, ఆ అన్నం పెట్టు,” అన్నాడు. బిమ్లా ఆయనకి పెట్టినవి చివాట్లు. కానీ ఋతువు విషయంలో దేవుడు దిగొచ్చి బతిమాలినా కుశలానంద్ అబద్ధం ఆడడని ఆ రోజుతో ఊరందరికీ నమ్మకం కుదిరింది.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఒకసారి మంచు పడి బస్సు మూడు రోజులు ఆగిపోతే, అందులో ఉన్న ఓ సాధువు ఊసుపోక ఆయనకి యోగం నేర్పాడు. రిటైరయ్యాక చూడ్డానికి రోడ్డు లేకపోయేసరికి కుశలానంద్ తన శ్వాసని చూడ్డం మొదలుపెట్టాడు. తనది చూసుకుని ఊరుకుంటే గొడవ లేకపోను. ఊరందరిదీ చూడ్డం మొదలుపెట్టాడు.

బస్టాండు వెనక ఖాళీ స్థలంలో రోజూ తెల్లవారగానే క్లాసు. పన్నెండు మంది వచ్చేవాళ్ళు. వచ్చేవాళ్ళు అనేకంటే, రాకపోతే ఇంటికొచ్చి గుమ్మంలో పద్మాసనం వేసుకుని కూర్చుంటాడని భయపడి వచ్చేవాళ్ళు అనడం న్యాయం. కండక్టరు ఈలకి బస్సు ఆపి, కదిపిన అలవాటు ప్రకారం ఆయన క్లాసు కూడా ఈలతోనే నడిపేవాడు. ఒక ఈల వేస్తే ఊపిరి బిగబట్టాలి. రెండు వేస్తే వదలాలి.

ఓ శిశిరంలో అందరూ పొట్టల నిండా గాలి పీల్చుకున్న సమయానికి, అవతల రోడ్డు మీద నిజం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఒక ఈల వేశాడు. ఇక్కడ పన్నెండు మందీ బిగబట్టారు. సరిగ్గా అప్పుడే కండక్టరుకీ, మేకతో ఎక్కిన ఓ ముసలమ్మకీ, మేకకి టికెట్టు కొట్టాలా అక్కర్లేదా అని తగువు మొదలైంది. తగువు తెగలేదు. రెండో ఈల పడలేదు. కిరాణా కొట్టు గుమాన్ సింగ్ మొహం టొమాటో రంగు దాటి వంకాయ రంగుకి తిరిగింది. బిమ్లాకి పట్టపగలు చుక్కలు కనిపించాయి. మరి కుశలానంద్ ఈల వెయ్యొచ్చుగా? వెయ్యొచ్చు. కానీ నియమం ప్రకారం ఆయనా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. ఊపిరి వదలకుండా ఈల ఎలా పలుకుతుంది? చివరికి మేకే జాలిపడి బస్సు దిగిపోయింది. కండక్టరు రెండు ఈలలు వేశాడు. పన్నెండు మంది ఒక్కసారి వదిలిన గాలికి బిమ్లా కొట్టు ముందు ఆరేసిన తువ్వాలు ఎగిరి పడిందంటారు. బిమ్లా మాత్రం రెండు తువ్వాళ్ళంటుంది.

క్లాసు అయిపోయాక కూడా వదిలేవాడు కాదు. పొద్దంతా టీకొట్టు బల్ల మీద కూర్చుని బిమ్లాకి గమనింపు నేర్పేవాడు.

“భైజీ, జరుగు జరుగు, పాలు పొంగిపోతున్నాయి!”

“పాలు పొంగడం చూశావు. నీ లోపల ఏం పొంగుతోంది చెల్లీ? గమనించు.”

“గమనించాను. చేతిలో గరిటె కూడా ఉంది. నువ్వది గమనించు.”

ఎండాకాలం వస్తే నాలుక గొట్టంలా చుట్టి బయటికి చాపి గాలి పీల్చమనేవాడు, ఒంటికి చలవ అని. ఒకనాడు యాత్రికుల బస్సు వచ్చేసరికి పన్నెండు మంది వరసగా నిలబడి నాలుకలు చాపి ఉన్నారు. ఈ కొండల్లో అతిథులకి నమస్కారం ఇలాగే కాబోలనుకుని యాత్రికులందరూ దిగి భక్తిగా నాలుకలు చాపారు. బిమ్లా ఆ సిగ్గుతో మూడు రోజులు క్లాసుకి వెళ్ళలేదు. నాలుగో రోజు తలుపు తీసేసరికి గుమ్మంలో పద్మాసనం.

ఆ క్లాసులో కుశలానంద్ ఈలకి లొంగనివాడు ఒక్కడే, మహిమానంద్ డోభాల్ మాస్టరు. రిటైరైన హెడ్మాస్టరు, డెబ్బై రెండేళ్ళు. ఊళ్ళో సగం మంది ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. ఆసనం వెయ్యమంటే ముందు ఆ పేరులోని సంధి విడదీసేవాడు. రోజూ బిమ్లా కొట్లో కూర్చుని పేపరు పైకి చదివేవాడు. ఆ ఏడు వానలు మొదలయ్యాక అది కూడా మానేసి పేపరు కుశలానంద్ చేతికిచ్చేశాడు.

“నువ్వు చదవవయ్యా. ముప్పై ఏళ్ళు హారన్ కొట్టి నీ ఉచ్చారణ పాడైంది. నేను దిద్దుతాను.”

బిమ్లా దాన్ని హెడ్మాస్టరు పొగరు అనుకుంది.

వానలు వెనకబట్టాయి. ముక్కు చెప్పింది, మోకాలు సంతకం పెట్టింది, కుశలానంద్ శరదృతువు వచ్చిందని ప్రకటించాడు. దాంతోపాటు ఎన్నడూ వినని కొత్త సాధన ఒకటి పెట్టాడు. పై వాడలో ఉన్నవాళ్ళంతా పొద్దున బస్టాండుకి దిగేటప్పుడూ, సాయంత్రం తిరిగి ఎక్కేటప్పుడూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి వరసగా నడవాలట. ముందు తను. వెనక మాస్టరు. ఆ వెనక బిమ్లా, గుమాన్ సింగ్, మిగతావాళ్ళు. దారిలో ఏముందో ముందువాడు చెప్పాలి, వెనకవాళ్ళు వల్లించాలి.

“మెట్టు!”

“మెట్టు!”

“ఎడమ మలుపు!”

“ఎడమ మలుపు!”

“పేడ!”

“పేడ!” అని పదకొండు గొంతులు. చివర నడిచేవాడికి ఈ కబురు అందేసరికి కాలు అందులోనే ఉండేది.

ఆ కొండల్లోకి రైలు రాలేదు, వచ్చే సూచనా లేదు. అందుకని పిల్లకాయలు గుంపుగా వెంటపడి “కూ… చుక్ చుక్” అని అరిచేవాళ్ళు. మేడల మీంచి కోడళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. వారం రోజులు భరించి, ఎనిమిదో రోజు బిమ్లా ఎదురు తిరిగింది.

“ఏ శాస్త్రంలో ఉంది భైజీ ఈ రైలు?”

“శరత్తులో పిత్తం పెరుగుతుంది. మెల్లగా నడవాలి.”

“మెల్లగా నడుస్తాం. చెయ్యెందుకు వెయ్యడం?”

“మనసు పారిపోకుండా.”

“పోనీ ఇవాళ నేను రెండోదాన్నవుతా. మాస్టర్జీ వెనక్కి రానీ. ఆయన ముందుంటే ‘మెట్టు’ అన్నప్పుడల్లా నాకు వ్యుత్పత్తి చెప్తున్నాడు.”

“వరస మార్చడం కుదరదు!” అని అరిచాడు కుశలానంద్. ఆయన అరవడం బిమ్లా అదే మొదటిసారి వినడం.

ఆవిడకి ఒళ్ళు మండింది. మర్నాడు దిగుతూ, మలుపు దగ్గర వరసలోంచి బయటికొచ్చేసి గబగబా ముందుకెళ్ళి కుశలానంద్‌ని చెయ్యి పట్టుకుని ఆపేసింది. “ఇవాళ అటో ఇటో తేలాలి,” అని ఆయన్ని తన వైపు తిప్పుకుంది. మాస్టరు చెయ్యి ఆయన భుజం మీంచి జారింది. ఆ మలుపులోనే, వానలకి పిట్టగోడ కొట్టుకుపోయిన చోటు ఉంది. కింద చూస్తే నది దారంలా కనిపిస్తుంది. మాస్టరు తలెత్తుకుని, పంచె సర్దుకుని, ఇస్కూలు వరండాలో నడిచినంత దర్జాగా నేరుగా అటు నడిచాడు.

కుశలానంద్ ఒక ఈల వేశాడు.

అందరూ బిగుసుకుపోయారు. జన్మలో ఈలకి లొంగని మాస్టరు కూడా ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడు.

“ఏకపాదాసనం బాగా కుదిరింది మాస్టర్జీ,” అన్నాడు కుశలానంద్, గొంతు ఏమాత్రం చెదరకుండా. “కాలు వెనక్కి దించండి. రివర్స్. ఇంకొంచెం రివర్స్. రానీ, రానీ, రానీ… హోల్డాన్.” అని తనే వెళ్ళి ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. “రైట్ రైట్!”

రైలు కదిలింది. బిమ్లా మాత్రం కదలలేదు. మాస్టరు కళ్ళు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. తెరిచిన కళ్ళతోనే ఆయన లోయ వైపు నడిచాడు. ఆ కళ్ళల్లో మజ్జిగ తేటలా ఏదో పొర. రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషి కళ్ళని ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదా అనుకుంది. గ్లాసు కోసం ఆయన చెయ్యి బల్ల మీద తడుముకోవడం, కుశలానంద్ పేపరు తిప్పుతున్నట్టు తిప్పుతూ గ్లాసుని ఆ వేళ్ళ దగ్గరికి నెట్టడం, అన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేకుండా చూసి అడిగింది.

“మాస్టర్జీకి కనబడ్డం లేదు కదూ?”

“నేను చెప్పలేదు. నువ్వు గమనించావు,” అన్నాడాయన. తన పాఠం ఒక్కరికైనా వంటబట్టినందుకు గర్వం కూడా పడ్డాడు. “వానల ముందునుంచీ అంతే. ఊళ్ళో చెప్పుకోవడం నామోషీ ఆయనకి. చేతికర్ర ఇస్తే బెత్తం అనుకుని నా మీదే తిప్పాడు. అందుకని ఊరందరి చేతా చేతులు వేయించాను.”

“ఆపరేషన్ చేస్తే వస్తుందిగా!”

“దసరా వెళ్ళిన వారానికి జిల్లా ఆస్పత్రిలో కళ్ళ క్యాంపు. డాక్టరు నాలుగు రోజులే ఉంటాడట. ఇంకా ముదిరితే కష్టమన్నారు. నేనూ ఆయన్ని నెల రోజుల నుంచి బతిమాలుతున్నాను. కత్తంటే భయం ఆయనకి. ఆ మాట చెప్పడు. ‘శరత్తులో ఒంటి మీద కత్తి పెట్టించుకోకూడదు, హేమంతం రానీ, అప్పుడు తప్పకుండా వెళ్తాను, మాటిస్తున్నాను’ అంటాడు.”

“హేమంతానికి ఇంకా నెల పైనే ఉంది. క్యాంపు వెళ్ళిపోతుంది!”

“అదే చెల్లీ, నేనూ గమనిస్తున్నది,” అని కుశలానంద్ తన ఎడమ మోకాలి వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు స్నేహితులు విడిపోయే ముందు చూసుకున్నట్టు ఉంది ఆ చూపు.

దసరా అయిన ఆరో రోజు, మిట్టమధ్యాహ్నం, రాళ్ళ మీద అప్పడాలు కాలే ఎండలో ఆయన బస్టాండు మధ్య నిలబడి ఈల వేసి ప్రకటించాడు.

“హేమంత ఋతువు వచ్చేసింది!”

గుమాన్ సింగ్ విసనకర్ర కింద పడేశాడు. “ఏమిటీ?” అన్నాడు.

బిమ్లా అప్పటికే కొట్లోంచి బయటికొచ్చింది. ఒంటి మీద ఉన్ని స్వెటరు, తలకి మఫ్లరు. “వచ్చేసింది, వచ్చేసింది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి,” అంటూ గుమాన్ సింగ్ పక్కకి వెళ్ళి చెవిలో నాలుగు మాటలు ఊదింది. ఆ నాలుగు మాటలూ పావుగంటలో ఊరంతా తిరిగాయి. అర్ధగంటకల్లా ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. నలభై మంది కోట్లు, శాలువాలు, మంకీ క్యాపులు తొడుక్కుని, కలరా ఉండల వాసనతో బస్టాండుకి దిగారు. బిమ్లా పొయ్యి మీద ఉలవ పప్పు పడేసింది, రాగి రొట్టెలు కాల్చింది. చలికాలం తిండి అది, వాసనకే ఒళ్ళు వేడెక్కుతుంది.

మాస్టర్ని తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. చుట్టూ పళ్ళు టకటకలాడించారు.

“ఏమయ్యా కుశలానంద్, హేమంతం వస్తే నా వీపంతా చెమట పడుతోందేం?”

“హేమంతంలో లోపలి అగ్ని పెరుగుతుంది మాస్టర్జీ. శాస్త్రం.”

“బయట కూడా పెరిగినట్టుందే.”

“లోపల పెరిగితే బయటికి రాక ఎటు పోతుంది?”

మాస్టరు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత, “మాటిచ్చాను. జిల్లాకి బస్సెప్పుడు?” అన్నాడు.

రెండు గంటల బస్సుకి ఎక్కించారు. పక్కన కుశలానంద్ కూర్చున్నాడు, కింద నుంచి బిమ్లా కిటికీలోంచి రొట్టెల మూట అందించింది. మాస్టరు ఆవిణ్ని దగ్గరికి రమ్మని మెల్లగా అన్నాడు:

“బస్సు కదలగానే అందర్నీ స్వెటర్లు విప్పెయ్యమను అమ్మాయ్. గుమాన్ సింగ్ కొట్టుకుపోయేలా ఉన్నాడు చెమటలో.”

బిమ్లా నోరు తెరిచింది. “మీకు తెలుసా?”

“కళ్ళు పోయాయి గాని ఒళ్ళూ ముక్కూ ఎక్కడికి పోయాయి? అబద్ధం ఆడడం చేతకానివాడు ఆడితే ఇలాగే ఉంటుంది. కానీ నాకోసం నలభై మంది ఎండలో ఉన్ని బట్టలు తొడుక్కున్నారు. ఇంక భయమేస్తోందని చెప్పుకోడానికి నాకు మొహమేదీ?” పక్కనున్న కుశలానంద్ వైపు తల తిప్పి గొంతు పెంచాడు. “ఏమయ్యా డ్రైవరూ, చలిగా ఉంది, కిటికీ వెయ్యి!”

ఆరో రోజు తిరిగొచ్చారు. మాస్టరు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరి భుజమూ పట్టుకోకుండా బస్సు దిగి, వచ్చిన వాళ్ళందర్నీ ఒక్కొక్కరినే ఎగాదిగా చూసి, ఎవరెవరు లావెక్కారో చెప్పాడు. బిమ్లా కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు లాక్కున్నాడు.

ఊళ్ళో అందరి స్వెటర్లూ ఎప్పుడో పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. కుశలానంద్ మాత్రం కోటు, మంకీ క్యాపు తియ్యలేదు. చెంపల మీంచి చెమట ధారగా కారుతోంది.

“ఇంక తీసెయ్యి భైజీ, పని అయిపోయిందిగా!” అంది బిమ్లా.

“ఎలా తీస్తాను చెల్లీ? హేమంతం వచ్చిందని ఊరందరి ముందూ చెప్పాను. అది నిజంగా వచ్చేదాకా దాని మర్యాద నేనే కాయాలి.”

“నెల రోజులా?”

“ఇరవై మూడు. మోకాలు చెప్పింది.”

మాస్టరు పేపరు దించి ఆయన్ని తేరిపార చూశాడు. సంచిలోంచి తన మఫ్లరు తీసి మెడకి రెండు చుట్లు చుట్టుకున్నాడు, పైన శాలువా కప్పుకున్నాడు, జరిగి ఆయన పక్కన కూర్చుని, “రెండు అల్లం టీ. వేడిగా,” అన్నాడు.

అప్పుడే ఓ యాత్రికుల బస్సు ఆగింది. చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటూ దిగిన ఒకాయన, నిప్పులు చెరిగే ఎండలో ఉన్ని మూటల్లా కూర్చుని ఊదుకుంటూ టీ తాగుతున్న ఇద్దరు ముసలాళ్ళని చూసి హడలిపోయాడు.

“వాళ్ళకేమైందమ్మా?”

“ఏం కాలేదు బాబూ,” అంది బిమ్లా గ్లాసులు కడుగుతూ. “వాళ్ళకి చలికాలం. ఈ ఏడు కాస్త ముందొచ్చింది.”