పంపు మేస్త్రీ ఆగిన మూడేళ్లు

మా పక్కింటి పంపు మేస్త్రీ పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశాడు. ఊళ్లో ఎక్కడ ఇల్లు అంటుకున్నా మునిసిపాలిటీ నీళ్ల పంపును బండి మీద తోలించుకుని అందరికంటే ముందు చేరేవాడు ఆయనే. ఉద్యోగం చాలించి రెండు నెలలు కాలేదు. పెంచిన పింఛను ఒక్కసారి అందుకున్నాడు.

ఆయనకు మర్యాద తక్కువ, జాగ్రత్త ఎక్కువ. దారిన పోతూ మా వంటింటి గుమ్మంలో నిలబడి పొయ్యి వంక చూసేవాడు. వంట అయ్యాక నిప్పులు ఆర్పలేదని ఒకసారి తాగేనీళ్ల బిందె ఎత్తి పొయ్యిలో గుమ్మరించాడు. నేను ఊరుకోలేదు, నాలుగు మాటలన్నాను.

"తిట్టండమ్మగోరూ. కొంప కాలిపోతే కూకుని తిట్టడానికి సోటుండదు" అన్నాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో పొయ్యి ఆర్పకుండా ఎవరూ పడుకోలేదు.

వైశాఖంలో మా తాటాకు పేటలు ఎలా అంటుకుంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆయన మండే ఇంటి జోలికి పోయేవాడు కాదు. మంట ముందుకు పాకకుండా దాని పక్క ఇంటి కప్పుకు కొక్కేలు వేయించి లాగించేవాడు. ఒక వేసవిలో ఒక ముసలమ్మ దోసిట మట్టి ఎత్తి ఆయన మీద పోసింది.

"నా ఇల్లేటి సేసిందిరా నీకు? అంటుకోనేదు గదరా, నీ సేతులిరిగిపోనూ!"

"అంటుకున్నది పోయిందే మామ్మా. అంటుకోనిదాన్నే సూడాల" అంటూనే లాగాడు.

మర్నాడు తాటాకు మోపు నెత్తిన పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, తానే వాసాల మీదికి ఎక్కాడు. కూల్చిన ప్రతి ఇంటికీ అలాగే వెళ్లేవాడు. "కూల్సినోడే కప్పాల" అనేవాడు. తన కప్పుకు మాత్రం ఏటా అందరి తర్వాతే ఆకు దొరికేది.

ఆయనకు వయసు నిండేనాటికి యుద్ధం నడుస్తోంది. కుర్రవాళ్లు పట్టాళంలో చేరిపోయారు. ఇంకో మూడేళ్లు పనిలో ఆగితే పింఛను పెంచి ఇస్తామని మునిసిపాలిటీవారు చెప్పారు. పొగ మింగి మింగి ఆయనకు అప్పటికే ఆయాసం. భార్య ఒప్పుకోలేదు.

"ఆ పెంపు ఎవుల్కి కావాల మావా? నువ్వు ఊపిరి తీస్తంటే గోడవతల అమ్మగోరికి ఇనిపిస్తన్నాది."

"ఒసే, నాను పోతే అది నీకే వస్తాదే. వీధి సివర సిపాయి పెళ్లానికి నెలనెలా వస్తన్నాది కాదేటి?"

ఆ పొరపాటు ఆయన ఒక్కడిదే కాదు, వీధి అంతటిదీ. పట్టాళంలో చనిపోయినవాడి భార్యకు డబ్బు వస్తోంది కనుక సర్కారు పింఛన్లన్నీ ఒకటే అనుకునేవారు. మావారు ఖజానా గుమాస్తాగా చేశారు. మావారు పోయినప్పుడు ఆయనతోపాటే ఆయన పింఛనూ ఆగిపోయింది. అందుకే మేస్త్రీని గోడ దగ్గరికి పిలిచి ఉన్నమాట చెప్పాను.

"అది నీ ఊపిరి ఉన్నంతవరకే మేస్త్రీ. ఆమెకు దమ్మిడీ రాదు."

ఆయన తల తిప్పి తన తాటాకు కప్పు వంక చూశాడు.

"మరైతే జీతం వచ్చినన్నాళ్లే దానికేటైనా సెయ్యాల" అన్నాడు.

మానేస్తాడనుకున్నాను. మూడేళ్లూ ఆగాడు. "నాకు రాదని తెలిసినాక కూడా మాన్నేదు సూడండి, మొండోడు" అని ఆమె మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

ఆ జీతంతో ఆయన కొన్నవి పెంకులు. గజపతినగరం వైపు నుంచి బండి వచ్చినప్పుడల్లా కొన్ని దింపించి పెరట్లో పేర్చేవాడు. ఈ వేసవిలో తాటాకు దించి ఇల్లంతా కప్పించాడు. నిచ్చెన ఎక్కే శక్తి లేక కింద నిలబడే పనివాళ్లను కేకలేశాడు.

"ఇంక నాను నేకపోయినా ఇది కాలదే" అన్నాడు భార్యతో.

"నువ్వు నేకపోతే అది కాలితేటి, కాలకపోతేటి?" అంది ఆమె.

ఆయనతోపాటే పింఛను నిలిచిపోయింది. నియమం అదే, నేనెవరినీ తప్పుపట్టను. మూడేళ్ల పొగకు ఒక్క నెల పెంపు దక్కింది.

నిన్న సాయంత్రం తొలకరి పడింది. తాటాకు కింద వాన మెత్తగా వినిపిస్తుంది. పెంకుల మీద టపటపా మోగేసరికి మేస్త్రీ భార్య ఉలిక్కిపడి వాకిట్లోకి వచ్చింది.

"ఏటమ్మగోరూ ఆ సప్పుడు?"

"వానే" అన్నాను. "లోపలికి పో, తడుస్తావు."

ఆమె వెళ్లలేదు. పైట చెంగు కూడా తలమీదికి లాక్కోకుండా, ఒక్క చుక్కనూ లోపలికి దిగనివ్వని ఆ కప్పు వంకే చూస్తూ తడుస్తూ నిలబడింది.