చేతులెత్తి ఓసారి

అరసవల్లిలో హరికథల జగదాంబగారంటే తెలియనివాళ్ళు లేరు. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ నోటి దురద తగ్గలేదు. కథ మధ్యలో జనం కునుకు తీస్తుంటే చిడతలు వాయించి, "చేతులెత్తి ఓసారి గోవిందా అనండి" అనేది. అందరూ ఉలిక్కిపడి అనేవారు. ఇప్పటికీ కూరల బండి దగ్గర ఆవిడ సరదాకి అన్నా, సంచీలు కింద పెట్టి మరీ చేతులెత్తేస్తారు పుణ్యాత్ములు.

ఎదురింటి మేడ మీద అద్దెకున్న రేఖ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి తోటి ఉద్యోగి ఒకతని బండి మీద వస్తోందని వీధి సంఘం అధ్యక్షుడు మోహనకృష్ణకి కడుపునొప్పి పట్టుకుంది. వీధి శీలమంతా తన భుజాల మీదే ఉందని ఆయన నమ్మకం. ఆదివారం మీటింగులో అందరిచేతా అవుననిపించి పిల్లని ఖాళీ చేయిస్తాడట. ఆ ఇంటి యజమాని జగన్నాధం, వీధి మాటే నా మాట అనేశాడు.

శనివారం రేఖ బిక్కమొహం వేసుకొస్తే, ఏదైనా సినిమా పెట్టమంది జగదాంబ. అదేదో పరదేశపు సినిమా. ఫాసిస్టుల ప్రభుత్వం. అందరూ ఒకేలా బతకాలి, ఒకేలా చెయ్యెత్తి సలాము కొట్టాలి. లేకపోతే నీతిలేనివాళ్ళ కింద లెక్క. రేఖ అర్థం చెబుతుంటే ఆవిడ వింటోంది. కథానాయకుడు మంచివాడే, కానీ నలుగురిలో వేరుగా కనబడాలంటే చచ్చేంత భయం. ప్రాణస్నేహితుణ్ణి పట్టుకుపోతుంటే, అటూ ఇటూ చూసి వాడూ చెయ్యెత్తాడు.

జగదాంబకి ఒళ్ళు మండిపోయింది. "దించరా సెయ్యి, సచ్చినోడా" అని టీవీని తిట్టి, కాసేపటికి, "ఈడు మన ఈదిలోడేనే" అంది.

మర్నాడు మోహనకృష్ణ సంస్కారం మీద దంచి దంచి, "ఈ అమ్మాయి వెళ్ళిపోవాలన్నవాళ్ళంతా చేతులెత్తండి" అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మూల కూర్చున్న రేఖ తల దించేసుకుంది.

వెనకనుంచి జగదాంబ రాగం తీసింది. "ఎత్తి ఓసారి గోవిందా అనండీ..."

అంతే. వీధంతా రెండేసి చేతులెత్తి గోవిందా అంది. అందరికంటే గట్టిగా అన్నది మోహనకృష్ణే.

"పెసిడెంటుగారే సేతులెత్తీసినారు, ఇంకేటి మీటింగు?" అంది జగదాంబ. నవ్వులు మొదలయ్యాయి. అధ్యక్షుడు నవ్వలేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు. పిల్ల ఉంటుందిలెండి, అని జగన్నాధం మెల్లగా జారుకున్నాడు.

ఇంటికొచ్చాక రేఖ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. జగదాంబ మాత్రం నవ్వలేదు.

"నేనన్నా ఎత్తుతారు, ఆయనన్నా ఎత్తుతారు. ఆ రాగం ఆయనకే ముందు తట్టుంటే, నువ్వు గోవిందావే పిల్లా."