చిన్నకోడలు తీసేసిన షెల్

మా తోడికోడలు మంచిది కాదనేదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. అత్తయ్యకు అది బంగారం. అత్తయ్య నడిపే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాకు అది దేవత. డ్రైవర్లు కూడా నన్ను దాటుకుని వెళ్ళి దాన్నే సలహా అడుగుతారు. ఏళ్ళ తరబడి ఆ వెనక గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని నడుము పడిపోయింది నాకు. పేరేమో నిన్నగాక మొన్న వచ్చిన దానికి.

పనిమంతురాలే, కాదనను. అదే నా ఏడుపు. చెయ్యి పెట్టిందంటే ఏదో ఒకటి తీసేస్తుంది: వంటింట్లో గిన్నెలు, బీరువాలో పాత బట్టలు. పోయిన నెల మా బుకింగ్ ప్రోగ్రామ్ ఉండే కంటైనర్ మీద పడి సగానికి సగం కుదించింది. కంటైనరంటే మరేం లేదు, ప్రోగ్రామ్ తనకు కావలసిన సామానంతా పెట్టుకుని కంప్యూటర్లోనే వేరు కాపురం ఉండే చోటు. ఏమేం తీసేసిందో చెప్పడానికి నా దగ్గరికి వచ్చింది. పనుందని మొహం తిప్పుకున్నాను. ఆ వారమే అత్తయ్య, పక్క వీధిలో తెరవబోయే రెండో ఆఫీసు కంప్యూటర్లు మీ ఇద్దరిలో ఎవరికప్పగించాలా అని చూస్తున్నానంది. అది నాకే దక్కాలనుకున్నాను.

సోమవారం తోడికోడలు పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బుకింగులు నిలిచిపోయాయి. ప్రోగ్రామ్ చేసిన ప్రతి పనీ రాసిపెట్టుకునే పాత లాగ్ ఫైళ్ళు పేరుకుపోయి కంటైనర్ లోపల చోటు నిండిపోయింది. పొద్దుటినుంచి వచ్చిన బుకింగులు రాసుకునే చోటు లేక మెమరీలోనే వేలాడుతున్నాయి. ప్రోగ్రామ్‌ను ఆపామా, అన్నీ గాలికి పోతాయి. అది నడుస్తుండగానే లోపలికి వెళ్ళి ఆ చెత్త చెరిపెయ్యాలి.

వెళ్ళాలంటే లోపల షెల్ ఉండాలి, మనం టైపు చేసింది విని చేసిపెట్టడానికి. నేనెప్పుడూ పిలిచేది బ్యాష్ అనే షెల్‌ను. పిలిచాను. అలాంటి ఫైలే లేదంది కంప్యూటర్. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. లేదంది. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా కొట్టి చూశాను, అదే మాట. కంటైనర్ ఆగిపోయిందా అంటే అదీ లేదు, నిక్షేపంలా నడుస్తోంది.

అప్పుడు వెలిగింది. ఆ మహాతల్లి తీసేసిన సామానులో బ్యాష్ కూడా ఉందన్నమాట. నేను లోపల అడుగు పెట్టకూడదనే చేసిందని ఒళ్ళు భగ్గుమంది.

వెనక నిలబడ్డ అత్తయ్య, ఆపి మళ్ళీ మొదలుపెట్టకూడదా అని అడిగి, ఎవరో పిలిస్తే ముందు గదిలోకి వెళ్ళింది. ఆపే కమాండ్ కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టాను. బుకింగులు పోతాయి. ఎందుకు పోయాయంటే, చిన్నకోడలు షెల్ తీసేసింది గనక. నేను ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. రెండో ఆఫీసు నడుచుకుంటూ నా చేతికొస్తుంది.

ముందు గదిలో గుమాస్తా ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు, "మీ నాన్నగారి మందులు సాయంత్రానికి చేరతాయండీ. పొద్దున్నే బుక్ చేశాం."

వేలు తీసేశాను. పళ్ళు నూరుకుంటూ దానికి ఫోన్ చేశాను.

"అక్కా," అంది నోరు సగం మొద్దుబారిన గొంతుతో, "బ్యాష్ బదులు ఎస్‌హెచ్ కొట్టు. చిన్న షెల్, అది ఉంచాను. బ్యాష్ లేనిచోట దాన్ని చూడమని నువ్వేగా నేర్పావు."

నేనే నేర్పాను, అది ఆఫీసుకొచ్చిన కొత్తలో, నా గొప్ప చూపించుకోవడానికి. కోపంలో నాకే తట్టలేదు. ఎస్‌హెచ్ కొట్టగానే లోపలికి వెళ్ళిపోయాను. పాత లాగులు చెరిపాను. ప్రోగ్రామ్ బుకింగులన్నీ ఒక్కటీ పోకుండా రాసుకుంది.

అత్తయ్య తిరిగొచ్చి తెర చూసి పొంగిపోయింది. ఫోన్ సంగతి తనకు తెలియదు. నేనూ నోరు మెదపలేదు. సాయంత్రం తోడికోడలు వాచిన బుగ్గతో గుమ్మంలోకి వచ్చీ రాగానే అత్తయ్య అందరి ముందూ అనేసింది, "పెద్దది ఒక్కతే కూర్చుని మొత్తం కాపాడింది. రెండో ఆఫీసు దానికే ఇస్తున్నాను."

తోడికోడలు నావైపు చూసింది. ఫోన్ సంగతి ఇప్పుడు బయటపెడుతుందనుకున్నాను.

"అక్కకి చేతకానిదేముంది అత్తయ్యా," అంది బుగ్గ పట్టుకుని.

కోరుకున్నది చేతికొచ్చింది. అది ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే, జన్మంతా హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా తీసేసింది.