చెయ్యి చూసి తిన్న నాచారం రొట్టె

తెనాలిలో రాత్రి తొమ్మిది దాటాక రైలెక్కాం, నేనూ మా అత్తయ్యా. మా ఆయన ఇదివరకు పనిచేసిన హైదరాబాద్ నాచారం ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ని మళ్ళీ రమ్మన్నారు. పెళ్ళయిన కొత్తలో మేం అక్కడే కాపురం పెట్టాం. మామయ్య పోయాక అత్తయ్య కోసం తెనాలి వచ్చేశాం గానీ, నా మనసు మాత్రం ఆ పక్కనే ఉన్న ఉప్పల్ చౌరస్తాలోనే ఉండిపోయింది. ఇప్పుడు వెళ్తే ముగ్గురం వెళ్ళాలి, లేదా అసలు వెళ్ళకూడదు. ఆవిడేమో, "రాష్ట్రం విడిపోతుందంటున్నారు, ఇప్పుడు అటు పోయి మనమేం చేస్తామే?" అని దాటవేస్తూ వచ్చింది. చివరికి ఒప్పందం కుదిరింది. రెండు రోజులు ఊరు చూస్తుంది. నచ్చకపోతే ఇక జన్మలో నేనా మాట ఎత్తకూడదు.

నా ధీమా అంతా హైదరాబాద్ తిండి మీదే. కాకపోతే అత్తయ్యకో నియమం ఉంది. వండిన చెయ్యి చూడనిదే ముద్ద ముట్టదు. పెళ్ళికి పిలిస్తే ముందు వంట పందిట్లోకి వెళ్ళి, గరిటె పట్టినవాళ్ళని పలకరించి వస్తేగానీ విస్తరి ముందు కూర్చోదు. హైదరాబాద్ వాసన తగిలితే ఆ నియమం దానంతటదే సడలుతుందనుకున్నాను.

తెల్లవారేసరికి సికింద్రాబాద్. స్టేషన్ బయట ఉప్పల్ బస్సు దొరికింది, కూర్చోడానికి సీట్లు కూడా. తార్నాక దాటాక మెట్రో కోసం తవ్విన గుంతలు, దుమ్ము. బస్సు నత్తనడక నడుస్తుంటే అత్తయ్య చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. వెనక సీటాయన ముందుకు వంగి, "గిప్పుడు గిట్లనే ఉంటదమ్మా. మెట్రో వచ్చినంక సూడున్రి, మస్తుంటది," అన్నాడు.

"ఎప్పుడొస్తుంది నాయనా?"

"వస్తదమ్మా. జర ఓపిక పట్టాలె."

ఉప్పల్‌లో రింగ్ రోడ్డు పక్కన లాడ్జిలో దిగాం. గది చిన్నదే అయినా పక్క దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. స్నానాలయ్యాక ఆవిడని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాను. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. అత్తయ్య కప్పు ముట్టకుండా, "వంటిల్లెక్కడ బాబూ?" అని అడిగింది.

"లోపట ఉంటదమ్మా. బయటోళ్ళను పోనియ్యరు," అన్నాడు తెచ్చినతను.

ఆవిడ కప్పు నావైపు జరిపింది. రెండూ నేనే తాగాను. ఇన్నేళ్ళ దాహం మరి, వదులుతానా! మధ్యాహ్నం బిర్యానీ దగ్గరా అదే తంతు. ఆవిడ ఎదురుగా కూర్చుని అరటిపండు ఒలుచుకుంటుంటే నాకు ముద్ద దిగితే ఒట్టు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మా అత్తయ్య ముందు ఏ రాజు నిలుస్తాడు?

మూడింటికి షేర్ ఆటోలో నాచారం వెళ్ళి రెండు అద్దె వాటాలు చూశాం. రెండోది నాకు నచ్చింది, గాలీ వెలుతురూ బాగున్నాయి. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి, "వాడూ నువ్వూ పొద్దున్నే పనులకి పోతారు. సాయంత్రం దాకా నేనీ గోడలతో మాట్లాడనా?" అంది. అప్పుడు తెలిసింది అసలు భయమేమిటో. ఇక ఈ ఊరు మనకి రాసిపెట్టి లేదనుకున్నాను.

దిగులుగా బయటికొచ్చేసరికి ఫ్యాక్టరీల షిఫ్టు విడిచారు. రోడ్డు వార వరసగా కట్టెల పొయ్యిలు, వాటి మీద పెనాలు, జొన్నరొట్టెలు కాలుతున్న కమ్మని వాసన. అత్తయ్య తనంతట తనే ఆగిపోయింది. ఒకామె వేడినీళ్ళతో కలిపిన పిండిని పీట మీద టపటపా చరుస్తూ, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దుతోంది. పిండీ నిప్పూ చెయ్యీ అన్నీ కళ్ళముందే. హోటళ్ళ చుట్టూ తిప్పానే గానీ, ఈవిడ నియమానికి రోడ్డువార పొయ్యే సరైన చోటని నా మట్టిబుర్రకి తట్టలేదు!

"కూసో పెద్దమ్మా," అని ఆమె ఓ స్టూలు జరిపింది. పేరు యాదమ్మ, జనగామ వైపు నుంచి వచ్చిందట. అత్తయ్య టమాట తొక్కుపచ్చడితో ఒకటి తింది, అడిగి ఇంకోటి తింది. తర్వాత చేతులు కడుక్కుని, "నన్నొకటి చెయ్యనివ్వమ్మా," అని పిండిముద్ద అందుకుంది. అరిసెలు ఒత్తిన అలవాటు కదా, వేళ్ళతో ఒత్తింది. రొట్టె నాలుగు చెక్కలైంది.

యాదమ్మ పకపకా నవ్వింది. "గిది అరిసె గాదు పెద్దమ్మా, అరచేత్తోని కొట్టాలె! ఒక్కనాడే రాదు. రేపు రా, నేర్పిస్త."

మర్నాడు పొద్దున రామంతాపూర్ మలుపులో బండి దగ్గర దోసెలు తిన్నాం. పెనం మరీ కాలిందని అత్తయ్య బండివాడికి చెప్పింది కూడా. నాలుగు కాకముందే తల దువ్వుకుని, "పద, యాదమ్మ చూస్తుంటుంది," అంది.

ఆ సాయంత్రం రెండు పాడయ్యాయి. మూడోది అంచులు వంకరగా వచ్చినా పెనం మీద పొంగింది. యూనిఫాంలో ఉన్న ఒకతను దాన్నే అందుకున్నాడు. అతను తినడం అయ్యేదాకా అత్తయ్య కళ్ళు అతని ముఖం మీదే. "మంచిగైందమ్మా, ఇంకోటియ్యి," అన్నాడతను. మామయ్య పోయాక ఆవిడ అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

"ఏం నిర్ణయించారు?" అని అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. రాత్రి రైలుకి సికింద్రాబాద్ చేరాం. మీరెవరైనా అటు వెళ్తే హోటళ్ళకి వెళ్ళండి, నేనూ వెళ్తాను. కానీ షిఫ్టు విడిచే వేళ నాచారం రోడ్డు మీద కాసేపు కూర్చోండి. ఆ ఊరు మీ పేరు అడగదు, ఎక్కణ్ణుంచి వచ్చారనీ అడగదు. స్టూలు జరుపుతుంది.

రైలు కదిలాక ఎదురు బెర్తులో గుంటూరావిడ పలకరించింది. "సొంతూరికి వెళ్తున్నారా పిన్నిగారూ?"

అత్తయ్య దుప్పటి పరుచుకుంటూ, "సామాను తెచ్చుకోడానికి తెనాలి వెళ్తున్నామమ్మా. మేముండేది నాచారంలో," అంది.