నడిమి పేజీలో ప్రేమలీల నోరు

నరేంద్రబాబు ఇనుప పైపుతో కొట్టిన దెబ్బకు ప్రేమలీల ముందరి పళ్లు రెండూ ఊడి వరి కయ్యలో పడ్డాయి. నాట్లేస్తున్న ఆడవాళ్లు బురదలో చేతులు పెట్టి దేవులాడారు. దొరకలేదు.

ఆమె చేసిన తప్పల్లా పాడడం. నాట్ల కాలంలో గట్టున పోయే మగవాడి కాళ్ల ముందు నారుకట్ట పెట్టి ఆడవాళ్లు పాట అందుకుంటారు. అతడు దాన్ని తొక్కకూడదు. చేతిలో ఏదో ఒకటి పెట్టి నవ్వుకుంటూ పోవాలి. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల అందరికీ తెలిసిన సరదా. ఆ రోజు వచ్చినవాడు రొయ్యల గుంటల నరేంద్రబాబు. వాడు కాలవలోకి వదిలిన ఉప్పునీళ్లకు చుట్టూ కయ్యల్లో నారు మాడిపోయింది. ప్రేమలీల గొంతెత్తింది:

గుంట నీళ్లు వదిలినోడా, గుక్కెడు తాగి పోవయ్యా
మాడిపోయిన నారు చూసి మాటొకటి చెప్పి పోవయ్యా

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నరేంద్రబాబు నారుకట్టను బూటుకాలితో నలిపి, గట్టున పడున్న పైపు అందుకున్నాడు.

పెద్దమనుషులు కూర్చున్నారు. గట్టు మీద జారి రాతి మీద పడిందని తేల్చి లేచారు. కళ్లారా చూసినవాళ్లూ తలలూపారు. ఆ ఊళ్లో తలలున్నది ఊపడానికే.

ప్రేమలీల టైటస్‌కు వరసకు పిన్ని. ఫ్లెక్సీల షాపు నడిపే టైటస్ ఆమె పాటలన్నీ చిన్న బొమ్మల పుస్తకంగా వెయ్యాలనుకున్నాడు. అరచేతిలో పట్టేంతది. ఎడమ పక్క పాట, కుడి పక్క బొమ్మ. నడిమి రెండు పేజీలు మాత్రం ఒకే కాగితం గనక పెద్ద బొమ్మ పడుతుంది. అక్కడ ఉప్పునీళ్ల పాట పెట్టాడు. గట్టు, నలిగిన నారు, పైపెత్తిన మనిషి, పాడుతున్న పిన్ని.

సంగతి పొక్కింది. నరేంద్రబాబు మనుషులు ముగ్గురు పట్టపగలు షాపులో జొరబడ్డారు. కంప్యూటర్ తెరను తన్ని పగలగొట్టారు. ఒకడు టైటస్ ఎడమ చేతిని కాగితాలు కోసే మిషన్ కిందికి ఈడ్చి పిడి నొక్కాడు. చిటికెన వేలి కొస తెగి శుభలేఖల కట్ట మీద పడింది.

“గీసే చెయ్యి వదిలేసినాం, సూసినావా?” అన్నాడు వాడు. “మా అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ నువ్వేగదా ఎయ్యాల!”

ఎదురు టీకొట్టు దగ్గర జనం చేతుల్లో గ్లాసులు దించలేదు.

టైటస్ బొమ్మ మార్చాడు. మనిషిని తీసేశాడు, పైపు తీసేశాడు. పచ్చటి నారు మధ్య ప్రేమలీల ఒక్కతే నోరారా పాడుతున్నట్టు వేశాడు. అందంగా ఉండాలని తెల్లటి పలువరుస కూడా దిద్దాడు. మొన్న ఆదివారం చర్చి విడిచాక, కట్టు కట్టిన చేత్తో ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు.

ఆమె ముందు ఆ చేతిని చూసింది. తర్వాత బొమ్మను చూసింది.

“ఎవురబ్బయా ఇది?”

“నువ్వే పిన్నీ.”

“నాకీ పళ్లు యాడివి?”

“బాగుంటుందని…”

“జారిపడిందన్నోళ్లే నయం గదరా. పళ్లు పోయినాయనన్నా ఒప్పుకున్నారు.”

టైటస్ మొహం మాడిపోయింది. జేబులోంచి పెన్ను తీసి ఒక పన్ను మీద నల్లగా రుద్దాడు. తర్వాత రెండోది. పెన్ను అదుపు తప్పి సిరా కింది పెదవి దాటి గడ్డం మీదికి జారింది. తుడవబోతే ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఉండనీ. నెత్తురు అట్నే కారింది,” అంది. పళ్లు లేని సందులోంచి గాలి ఈల వేసింది. “వాడి బొమ్మ వద్దులే, ఉన్న చెయ్యి గూడా పోతాది. పైపొకటి గియ్యి, చాలు. అదెవుడి చేతిలోదో పిలకాయలకు నేను పాడి చెప్తా.”