అప్పలరాజు చెవి, నా ఏఐ పెట్టె

ఒక్క మాటతో ఒక మనిషి పని ఊడగొట్టి, పదమూడు రోజుల్లో ఫ్యాక్టరీని కూడా ఆపేసిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే. పోయిన ఏడాది దువ్వాడ దగ్గర ఓ చిన్న ఇనుము ఫ్యాక్టరీలో ఏఐ ఇంజనీరుగా వెలిగిపోతుండేవాణ్ణి. ఏఐ గురించి నాకెంత తెలుసో కనిపెట్టగలిగే వాళ్ళు అక్కడ ఎవరూ లేరు కాబట్టి నిపుణుడు కూడా నేనే.

అక్కడ బొగ్గు మోసే పెద్ద బెల్టు ఉంది. దాని కింద వందల రోలర్లు. ఏ రోలరైనా బిగుసుకుపోతే బెల్టు దాన్ని రాసుకుని కాలిపోతుంది. అలా కాకుండా చూసేవాడు కాంట్రాక్టు కూలీ అప్పలరాజు. ఇనప కడ్డీ ఒక కొస రోలర్ స్టాండుకీ, రెండో కొస చెవికీ ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని.

ఆ చెవిని పెట్టెలో పెట్టేద్దామని నా ఆశ. మైకు పట్టుకుని నెల రోజులు ఆయన వెనకాలే తిరిగాను.

"ఏటి బాబూ సేత్తన్నావ్?"

"నీ చెవి తెలివి ఈ పెట్టెకి నేర్పుతున్నాను మావా."

"నేర్పు, నేర్పు. ఉండుండు, ఇది పాడైపోనాది, కీసుమంటంది. కాస్త గ్రీజు పెట్టీసినాక రికార్డు సేసుకో. సూడు, ఇప్పుడు సల్లగా తిరుగుతంది."

నాకూ ముచ్చటేసింది. ఎంత శుభ్రమైన చప్పుడో! ఫొటో తీయించే ముందు పిల్లలకి పౌడరు రాసినట్టు, ప్రతి రోలర్‌నీ ముస్తాబు చేసి మరీ నా మైకు ముందుకి పంపాడు. నేను 'పాడైంది' అని రాసుకుని, బాగైన చప్పుడు ఎక్కించుకున్నాను. ఇంజనీరింగు నాలుగేళ్ళు చదివాను, గుర్తుంచుకోండి.

పెట్టెని బెల్టుకి తగిలించిన నెలకి పెద్దసారు హైదరాబాదు నుంచి దిగారు. రోలర్ చెడితే పెట్టె మీద ఎర్రలైటు వెలగాలి; నెలంతా పచ్చలైటే, బెల్టు ఒక్కసారీ ఆగలేదు.

"ఏమాత్రం పనిచేస్తుంది?" అన్నారు.

"వంద మంది అప్పలరాజులతో సమానం సార్!"

"అయితే ఆ ఒక్కడు మాత్రం ఎందుకు?"

జోకనుకుని నవ్వాను. సాయంత్రానికి అప్పలరాజు గేటు పాసు లాగేసుకున్నారు.

"పని పోతే పోనీ బాబూ. ఆసుపత్రి కార్డు కూడా పోద్దంట. మీ అత్తకి వారానికి రెండుసార్లు డయాలసిస్సు కదా..."

"నేను మాట్లాడతాను మావా" అన్నాను. మాట్లాడలేదు. నా ప్రమోషన్ కాగితం కదులుతున్న వారం అది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదమూడో రోజు మధ్యాహ్నం బెల్టు అంటుకుంది, ఫ్యాక్టరీ ఆగిపోయింది. పొగలో దగ్గుతూనే పెట్టె చూపించి అరిచాను, "లైటు పచ్చగానే ఉంది సార్!"

"బెల్టు ఎర్రగా ఉందిరా!" అన్నాడు సూపర్‌వైజరు.

అప్పుడు వెలిగింది నాకు. రోలర్ జబ్బు పడితే ఎలా మూలుగుతుందో నా పెట్టె పుట్టి బుద్ధెరిగి ఒక్కసారీ వినలేదు. నెలంతా బెల్టుని నడిపింది అప్పలరాజు గ్రీజు, మెచ్చుకోళ్ళు పట్టుకుపోయింది పెట్టె.

మర్నాడు అప్పలరాజు కోసం పరిగెత్తాను. ఓ అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఉన్నాడు.

"రా మావా, ఫ్యాక్టరీవాళ్ళే పిలుస్తున్నారు."

"కార్డు ఇత్తారా?" అదొక్కటే అడిగాడు. "వారానికి ఒక్కపాలే డయాలసిస్సు సేయిత్తన్నాం బాబూ. కాళ్ళు వాసిపోనాయి."

"ఇస్తారు" అన్నాను. మళ్ళీ నా నోరే.

తీసుకున్నారు, 'ఏఐ సహాయకుడు'గా. కొత్తగా చేరినట్టే అన్నారు, కార్డుకి నెలల తరబడి ఆగాలి. ఇరవై ఏళ్ళూ గాల్లో కలిసిపోయాయి. అత్తని ఆసుపత్రికి నా బండి మీద నేనే తీసుకెళ్తున్నాను. వెనక కూర్చుని ఆవిడ ఆయాసపడుతుంటే నాకు రోడ్డు కనపడదు. ఫ్యాక్టరీలో పెద్దసారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ పచ్చలైటు చూపించి ఫొటోలు దిగుతున్నారు.

అందుకని నేనో ఘోర ప్రతిజ్ఞ పూనాను. ఈ జన్మలో ఏ యంత్రాన్నీ ఏ మనిషితోనూ సమానం అనను. అప్పలరాజు కడ్డీ మీద చెయ్యేసి ఒట్టు పెడదామని చెయ్యి చాచాను.

ఆయన కడ్డీ వెనక్కి లాక్కున్నాడు.

"ఒగ్గేయ్ బాబూ. నువ్వు ముట్టుకుంటే ఇది కూడా పచ్చలైటు సూపిత్తాది."