రంగు తుపాకుల మైదానం

నిజామాబాద్ శివారులో, బోధన్ రోడ్డు పక్కన, 2007లో పెయింట్‌బాల్ మైదానం తెరిచారు. రంగు గోలీలు పేల్చే ఆ ఆట దగ్గర కాపలా ఉండేవాడు రాజమల్లు. వయసులో ఉండగా దళంలో తిరిగి, లొంగిపోయి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బతుకుతున్న మనిషి.

ఒకరోజు కాలేజీ పిల్లలు వరసగా రెండాటలు ఓడిపోయారు. అందరూ ఒకే డ్రమ్ము చాటున నక్కుతుంటే రాజమల్లు ఉండబట్టలేకపోయాడు.

"గిట్ల గుంపైతే ఎట్ల గెలుస్తరు? ఇద్దరు ఆపకుండ కొట్టుర్రి, అవతలోడు తలకాయ లేపడు. గప్పుడే ఇద్దరు పక్కకెల్లి పోవాలె. ఎవలు ఏడున్నరో ఒర్రుకుంట చెప్పుకోవాలె."

మూడో ఆట వాళ్లు గెలిచారు. కేకలు వేస్తూ వచ్చి అతని చుట్టూ మూగారు.

"మస్తు చెప్పినవన్నా! గానీ ఎనుక ఉండి కొట్టిన మా సంతోష్ ఒక్కడు చిక్కిండు. వాణ్ని ఎట్ల కాపాడాలె?"

సంతోష్ నవ్వుతూ నిలబడ్డాడు. ఛాతీ నిండా ఎర్రరంగు.

రాజమల్లు చూపు ఆ ఎర్రరంగు మీదే ఆగింది. రుద్రూర్ చెరుకు తోటలో పోలీసులు చుట్టుముట్టిన రోజు, వెనక ఉండి కాల్పులు ఆపొద్దని తమ్ముడు లింగానికి చెప్పింది తనే. లింగం తప్ప అందరూ బయటపడ్డారు.

"గదొక్కటి నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు రాజమల్లు.

మర్నాడు అతను పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.